ప్రెగ్గడ బావి నీళ్లు

రండర్రా పిల్లలూ, దగ్గరికి జరగండి. గుమ్మంలో నిలబడితే కథ సగమే వినబడుతుంది. ఒరే, ఆ పలకలు పక్కన పెట్టండి, ఇవాళ రాసేదేమీ లేదు, వినేదే. కోట కథ చెప్పమని నా ప్రాణం తీస్తున్నారు గదా! చెబుతాను. గుర్రాలున్నాయి, కత్తులున్నాయి, ముట్టడి ఉంది. అయితే ముందే చెబుతున్నాను, ఈ కథలో మనం శూరుడి వెంట తిరగం. శూరుణ్ణి చూసి కుళ్లిపోయినవాడి వెంట తిరుగుతాం. ఎందుకంటారా? వినండి మరి.

పూర్వం గుండ్లేరు నది మెలిక తిరిగే చోట, నల్లరాతి గుట్టను చుట్టుకొని, నల్లమేడు అనే దుర్గమొకటి వెలుగొందుతూ ఉండేది. సూర్యుడు పొడిచీ పొడవకముందే దాని బురుజుల మీద కావలివాండ్ర ఈటెమొనలు తళతళలాడేవి. ఏనుగు ఎదురొచ్చినా చలించని దాని కవాటాల మీద ఇనుప గుబ్బలు మనిషి తలంతేసి ఉండేవి. గుట్ట మీది భాగం పైకోట. అక్కడ కరణాలు, పండితులు, వర్తకులు. గుట్ట పాదాన కిందిపేట. అక్కడ కాల్బలం, కమ్మరులు, కుమ్మరులు, సాలెలు. రెంటినీ చుట్టి ఒకటే గోడ. ఆ గోడకు ఆవల, మన కథ మొదలయ్యే దినాన, వెలిచేటి రాజు సేనలు దిక్కులన్నీ నిండి, తొలకరికి పుట్టగొడుగులు మొలిచినట్టు గుడారాలు వేసుకొని కూర్చున్నాయి.

ఆనాటి ఉదయమే శత్రువు మొదటి దెబ్బ కొట్టాడు. సేనాపతి కాటయ నాయకుడు తూర్పు వాకిట నిలబడి, విరిగిన ఈటెను పారవేసి, చేతికందిన తలుపు గడియమ్రానుతోనే వైరిమూకను వంతెన మీదినుంచి కందకంలోకి తోసివేశాడు. మధ్యాహ్నానికి దుగ్గభూపాలుడు సభ తీర్చాడు. ఒళ్లంతా దుమ్ముతో, భుజాన గాయంతో కాటయ వచ్చి నిలబడగానే సభ సభంతా లేచింది.

ఆ రాజ్యంలో ఒక మర్యాద ఉండేది. సభ ముగిసే వేళ రాజు తన పళ్లెంలోంచి మొదటి తాంబూలం ఎవరి చేతిలో పెడతాడో, ఆ దినానికి రాజు తరువాతివాడు అతడే. రాజు తండ్రి కాలంనుంచీ ఆ తాంబూలం ప్రెగ్గడ ఇంటిది. ప్రెగ్గడ అంటే మంత్రి. అప్పటి ప్రెగ్గడ గుండయ. చదువులో దిట్ట, లెక్కలో నిక్కచ్చి, నెరిసిన మీసం, నిటారైన నడుము. ఆ దినం కూడా గుండయ ప్రెగ్గడ అలవాటు చొప్పున చేయి చాచాడు. రాజు ఆ చేతిని దాటి ముందుకు నడిచాడు.

"కాటయా! నీ భుజబలమే లేకున్న ఈ సింహాసనం మీద ఈ సరికి వెలిచేటి రాజు కూర్చుండేవాడు. ఈ తాంబూలం నీది" అన్నాడు.

జయజయధ్వానాలు మిన్నుముట్టాయి. చాచిన చేయిని ఏం చేసుకోవాలో తెలియక గుండయ దానితో ఉత్తరీయం సవరించుకున్నాడు. ఆ సవరించుకోవడాన్ని ఎవరూ చూడలేదు. అందరూ కాటయనే చూస్తున్నారు. చూడలేదన్నదే ఆయన కళ్లలో కారం కొట్టింది.

ఇంటికి వెళితే తల్లి సబ్బమాంబ అరుగు మీద కాచుకుని ఉంది. తాంబూలంలో ఒక ఆకు తల్లికివ్వడం ఆయన నిత్యవ్రతం.

"ఏదిరా గుండా, నా ఆకు?"

"ఇవాళ సేనాపతికి ఇచ్చారమ్మా."

"ఇవ్వనీ నాయనా, పాపం నెత్తురు కార్చాడటగా!" అని ఆ ముసలావిడ బోసినోటితో నవ్వింది. "నెత్తురు వాడిదైతేనేం, ఈ కోటంతా తాగే నీళ్లెవరివి? మీ నాన్నవి. కరువులో ఒంటి మీది నగలు ఊడదీసి తవ్వించాం ఆ బావి. తాంబూలం పూటకొకరికి పోతుంది. బావి ఎక్కడికి పోతుందిరా?"

నిజమే. పైకోటకూ కిందిపేటకూ నడుమ, మెట్లమెట్లుగా లోతుకు దిగే ఆ ప్రెగ్గడ బావిలోనే కోటంతా నీళ్లు ముంచుకునేది. ఆ మాట విని గుండయ మనసు కొంచెం చల్లబడింది. కొంచెమే. మాత్సర్యం ఊక నిప్పు వంటిది. పైకి బూడిదే కనిపిస్తుంది.

ఇక్కడ మీకు ఆ కోటలోని మరో ఆచారం చెప్పాలి. నల్లమేడులో చాటింపులకు రెండు భేరులుండేవి. యుద్ధం మాటలు చాటేది రణభేరి, అది సేనాపతి అధీనం. తీర్పులు, పన్నులు, పండుగలు చాటేది ధర్మభేరి, అది ప్రెగ్గడ అధీనం. కోటకంతటికీ ఆపద వచ్చిన వేళ రెండూ కలిపి మోగించేవారు. దాన్ని జంటభేరి అనేవారు. అది వినబడితే ఉగ్గుగిన్నె పట్టుకున్న తల్లి కూడా గిన్నె దించి వినాలని కట్టడి. ముందటి తరంలో అందరూ అన్నీ వినేవారు. కాని మంత్రికీ సేనాపతికీ పొసగడం మానిన నాటినుంచి జనానికి చెవులు కూడా పంచుకుపోయాయి. రణభేరి మోగితే పైకోటవాళ్లు "మనది కాదులే" అని తలుపులు వేసుకునేవారు. ధర్మభేరి మోగితే కిందిపేటవాళ్లు "మళ్లీ ఏం గుంజుకోవడానికో" అని మూతి విరిచేవారు.

శ్రావణం వచ్చింది. శత్రువు చుట్టుముట్టకముందే జడిసి చుట్టుపక్కల పల్లెజనం పిల్లాజెల్లాతో కోటలోకి చేరితే, కాటయ నాయకుడు వాళ్లకు బావికి ఎగువనున్న గట్టు మీద చోటు చూపించి ఉన్నాడు. కుండపోతగా వానలు కురిసి, ఆ గుడిసెల మురుగంతా గట్టు దిగి బావిలోకి జారింది. ఇంకేముంది? వాంతులూ విరేచనాలూ పట్టుకొని, పొద్దున నవ్విన మనిషి సాయంత్రానికి పీల్చేసిన చెరకుపిప్పి అయిపోసాగాడు. గత్తర, పిల్లలూ. దాని పేరు గత్తర.

కాటయ స్వయంగా ప్రెగ్గడ ఇంటికి వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, కింద కూర్చున్నాడు.

"అయ్యా, ప్రెగ్గడగారూ! కళింగపు దండులో ఈ జబ్బును నా కళ్లారా చూశాను. శత్రువు చంపినవాళ్లకంటే ఇది చంపినవాళ్లే ఎక్కువ. అక్కడ చెడిన వాగు నీళ్లు మానిపించి, కాచి తాగించిన గుంపు బతికింది. ఇక్కడ బావి చెడింది. పడమటి బండలో ఊటచెలమ ఉంది కదా, సన్నటి ధారే అయినా శుభ్రమైనది. ఆ నీళ్లు కాచుకొని తాగమని, బావి కొన్నాళ్లు మూయమని చాటించాలి. నా భేరి ఒక్కటే మోగితే మీ పైకోట వినదు. జంటభేరి మోగించుదాం."

"బావి చెడిందా? ఎట్లా చెడింది?"

"గట్టు మీద జనానికి చోటు చూపింది నేనే అయ్యా. వాలు చూసుకోలేదు. తప్పు నాది."

గుండయ అతడి ముఖం వంక చూశాడు. 'తప్పు నాది' అన్న మాట ఈ మనిషి నోటికి దాహమేసి నీళ్లడిగినంత తేలికగా ఎట్లా వస్తుంది? తన నోట ఆ మాట జన్మలో ఒక్కసారి రాలేదే! ఆ తేలికతనం మీద కూడా ఆయనకు ఈర్ష్య పుట్టింది. అంతకన్నా కష్టమేమంటే, కాటయ చెప్పింది నిజమని ఆయనకు తెలుసు. ఆ ఉదయమే బావి మెట్లు దిగి చూశాడు. నీటి మీద పసరు తెట్టు కట్టి ఉంది, వాసన ముక్కుకు కొట్టింది.

కాని జంటభేరి మోగితే ఏమవుతుంది? జనం బతుకుతారు. బతికి ఏమంటారు? కాటయ బతికించాడంటారు. గుండయ తండ్రి బావి చంపబోయిందంటారు.

"నా తండ్రి బావిలో విషముందని నా భేరితోనే చాటించమంటావా నాయకా?" అన్నాడు మెల్లగా. "వానాకాలం అజీర్తికి ఇంత ఆర్భాటమా? నీ భేరి నీకుంది. మోగించుకో."

కాటయ లేచి నమస్కరించి వెళ్లిపోయాడు. అతడు వీధి మలుపు తిరగకముందే, వాకిట్లో వ్యవహారాల కోసం వచ్చి కూర్చున్న కరణాల మధ్య గుండయ ఒక చిన్న మాట వదిలాడు: "సేనాపతిగారికి కోట చాలలేదు కాబోలు, ఇక నీళ్ల మీద కూడా పెత్తనం కావాలట." అంతే. అబద్ధం ఒక్కటి ఆడలేదు. ఒక చిరునవ్వు నవ్వాడు, లోపలికి పోయాడు.

పిల్లలూ, వడగళ్లు పడితే చేను ఒక్కసారే పోతుంది. మాట పడితే అలా కాదు, అది మొలకెత్తుతుంది. సాయంత్రానికి పైకోటలో ఆ మాట కొమ్మలు వేసింది: చెలమ దగ్గర సైనికుల్ని కాపలా పెట్టి, కడవకింత అని వసూలు చేస్తాడట, రాజ్యం కాజేయడానికే ఈ గత్తర కథ అల్లాడట. రణభేరి మోగింది, కిందిపేట విన్నది, చెలమకు నడిచింది. పైకోట పంతం పట్టి బావికి నడిచింది. ఒకే జబ్బుకు రెండు పేర్లు పుట్టాయి. పైకోటలో మనిషి పోతే "అజీర్తి" అనేవారు, గట్టిగా అడిగితే "కాటయ పుట్టించిన భయంతో పోయాడు" అనేవారు. కిందిపేటలో మనిషి పోతే "ప్రెగ్గడ జబ్బు" అనేవారు, "పైవాళ్లే మందు కలిపారు" అనేవారు.

బావి గట్టు మీద రోజూ తగువే. ఒకనాడు కరణాల కోడలు గంగసాని బిందె చంకనెత్తుకొని పైకి వస్తుంటే, చెలమకు పోతున్న కుమ్మరి పోచమ్మ ఎదురైంది.

"ఏమ్మా దొరసానీ, ఇంకా ఆ మురుగే తాగుతున్నారా?"

"మురుగో గంగో, మాకు పెద్దలు పెట్టిన నీళ్లు. మీలాగా సేనాపతి ఆవులిస్తే చిటికెలు వేసేవాళ్లం కాదు!"

"నిన్న మీ బావగారు పోయారట కదా?"

"ఆయనకు పనసపండు పడలేదు."

"ఓహో! మీ వీధిలో అందరికీ పనసపండే పడలేదేం? పండు ఒకటా, బండెడా?"

"నీ కుండలు అమ్ముడుపోవాలని కాచుకోమంటున్నావు, మాకు తెలియదనుకోకు!"

ఇదంతా మేడ కిటికీలోంచి గుండయ విన్నాడు. మొదట నవ్వొచ్చింది, తరువాత రాలేదు. ఎందుకంటే అదే సమయంలో ఆయన వంటింట్లో, భార్య బాచాంబ పెద్ద గుండిగలో నీళ్లు కాస్తున్నది. బావి నీళ్లు కావు, చెలమ నీళ్లు. తెల్లవారకముందే నమ్మిన దాసి మోసుకొచ్చినవి.

"ఊరంతా మిమ్మల్ని చూసి బావికి పోతున్నది. మన పొయ్యి మీద మాత్రం ఇవి కాగుతున్నాయి" అన్నది బాచాంబ, కట్టెలు ఎగదోస్తూ. "ఈ పొగ నా కళ్లకే కాదు, మీ కళ్లకూ తగలాలి."

"రాజకీయం నీకు తెలియదు."

"నీళ్లు కాచడం తెలుసు" అన్నదావిడ.

చావులు పెరిగేసరికి రాజు సభ పిలిచాడు. దుగ్గభూపాలుడు మంచివాడే. కాని ఎవరు చివర మాట్లాడితే వారిది నిజమనిపించే మనసు ఆయనది. కాటయ నిలబడి, బావి మూయించమని, చేతులు జోడించి అడిగాడు. రాజు ప్రెగ్గడ వంక తిరిగాడు.

"గుండయా, బావి మీ వంశానిది. నీవేమందువు?"

గుండయ లేచాడు. తన వెంట తెచ్చుకున్న వెండిచెంబు పైకెత్తి, సభ నాలుగు మూలలకూ చూపించి, "దేవరా! నా తండ్రి ధర్మం ఇది. నా మాట కంటే నా గొంతు సాక్ష్యం గొప్పది" అని గటగటా తాగాడు.

సభ ఒక్కసారిగా హోరెత్తింది. చెంబులో ఉన్నది బాచాంబ కాచి చల్లార్చిన చెలమ నీళ్లని ఎవరికి తెలుసు? రాజు ముఖం విప్పారింది. "మంత్రి ప్రాణానికి లేని భయం మనకెందుకు? ఇకమీద నీళ్ల గురించి రణభేరి మోగరాదు" అని ఆజ్ఞాపించి, మొదటి తాంబూలం గుండయ చేతిలో పెట్టాడు. ఎంతగా వేచిన తాంబూలమో! వేలికొసలకు తగలగానే గుండయ అలవాటుగా కాటయ వంక చూశాడు, అతడి ముఖం వాడిపోవడం చూడాలని. వాడలేదు. జాలి ఉంది అందులో.

వెలుపల మెట్ల దగ్గర కాటయ ఆయనను ఆపాడు.

"ఆ మెట్లబావి నీళ్లు మంచులా ఉంటాయి ప్రెగ్గడగారూ. వెండిచెంబులో పోస్తే పైన చెమ్మ పట్టాలి. మీ చెంబు పొడిగా ఉంది."

గుండయ చెంబును ఉత్తరీయం కిందికి లాక్కున్నాడు. "సభలోనే అనకపోయావా?"

"అంటే కోటలో సగం మంది మిమ్మల్ని నరికేవారు, సగం మంది నన్ను. వెలిచేటి రాజు నిచ్చెన వేసే పని లేకుండా లోపలికి నడిచి వచ్చేవాడు" అని కాటయ నమస్కరించి వెళ్లిపోయాడు.

ఓడిపోయినవాడు కూడా గెలిచినట్టే నడుస్తాడేమి! గుండయకు తాంబూలం చేదైంది. దాన్నే ఇంటికి తెచ్చి తల్లికిచ్చాడు. సబ్బమాంబ కళ్లు తుడుచుకుంది. సభలో జరిగింది ఆవిడకు అప్పటికే తెలిసింది, ఊరూవాడా తెలిసింది.

"నా తండ్రే! నిండు సభలో మీ నాన్న పేరు నిలబెట్టావటరా. నేనూ తాగాను. కోడలు రోజూ ఏవో చప్పిడి నీళ్లు ఇస్తున్నది, ఇవి నాకొద్దన్నాను. దాసిని పంపి బావి నీళ్లే తెప్పించుకొని, నీ పేరు చెప్పుకొని చెంబెడు తాగాను."

గుండయ తల్లి చేతులు పట్టుకున్నాడు. "అమ్మా! తాగకు. ఇక ఒక్క గుక్క తాగకు. సభలో నేను తాగింది బావి నీళ్లు కాదమ్మా. చెలమ నీళ్లు. కాచినవి."

ఆవిడ పకపకా నవ్వింది. "పోరా పిచ్చివాడా! ముసలిదానికి ఏమైనా అవుతుందేమోనని బొంకుతున్నావు. నా కొడుకు రాజు ఎదుట అబద్ధమాడతాడా?"

ఎన్ని విధాల చెప్పినా ఆవిడ నమ్మలేదు. అబద్ధాన్ని అంత గట్టిగా నమ్మించిన నోరే నిజం చెబితే, ఆ నిజానికి చోటెక్కడ? రెండు పూటలు తిరగకుండా గత్తర సబ్బమాంబను పట్టుకుంది. ఆఖరి గడియలో కూడా "మీ నాన్న బావి నీళ్లు ఇంకొంచెం పొయ్యరా, దాహం" అన్నది. ఆ కొడుకు, కాచిన నీళ్లు చేత పట్టుకొని, ఇవి బావివేనమ్మా అని చెప్పి పోశాడు. ఆ అబద్ధాన్ని నమ్మి తాగింది. తాగి పోయింది.

తల్లి చితికి నిప్పు పెట్టి వచ్చిన గుండయ నేరుగా ధర్మభేరి దగ్గరికి పోయి, భేరిగాడి చేతిలోంచి కొడుపు లాక్కొని, తానే మోగించాడు. "బావి చెడింది! ఎవరూ తాగవద్దు! కాచిన చెలమ నీళ్లే తాగండి!" అని వీధివీధీ తిరిగి అరిచాడు.

పైకోట ఏమన్నదనుకున్నారు? "పాపం, తల్లి పోయి మతి చెడింది" అన్నారు కొందరు. "కాటయ మెడ మీద కత్తి పెట్టి పలికిస్తున్నాడు" అన్నారు మిగతావారు. బిందెలతో బావికే పోయారు. మరి కిందిపేట? అది ఇంకా చిత్రం. "ప్రెగ్గడ చెలమకు పొమ్మంటున్నాడా? అయితే చెలమలోనే ఏదో కలిపాడు!" అని, అంతవరకూ బుద్ధిగా కాచుకొని తాగుతున్న పోచమ్మలాంటివాళ్లు కూడా కడవలు తీసుకొని బావికి బయలుదేరారు. కాటయ అడ్డం పడి బతిమాలినా ఆగలేదు. "నువ్వు మంచోడివి నాయకా, నీకు ఆయన సంగతి తెల్వదు" అన్నారు.

ఆ సాయంత్రం గుండయ రాజు పాదాల ముందు తన మంత్రి ముద్రికను పెట్టి, చెంబు సంగతి దాచకుండా చెప్పాడు. పక్కనే నిలుచున్న కాటయ అన్నాడు: "దేవరా, శిక్ష తరువాత. ముందు జంటభేరి."

మరునాడు రెండు భేరులూ కలిసి మోగాయి. ఎన్నో ఏళ్లుగా వినని ఆ మోతకు జనం ఉలిక్కిపడి బావి చుట్టూ చేరారు, పైకోట ఒక వంక, కిందిపేట ఒక వంక. చేరారే గాని కళ్లలో నమ్మకం లేదు. గుండయ మెట్టు మీదికి ఎక్కాడు.

"నల్లమేడు ప్రజలారా! సభలో నేను తాగింది ఈ నీరు కాదు. నన్ను నమ్మి మీరు తాగారు. నా తల్లి తాగింది. నేడు నా మాట మీద మీకు నమ్మకం లేదు, ఉండవలసిన పని కూడా లేదు. నా మాట వినకండి. నన్ను చూడండి. ఇక్కడే కూర్చుంటాను. మీ కళ్లముందు ముంచిన నీరే, మీ చేత్తో పోస్తేనే తాగుతాను. దీనితో మనిషి ఏమవుతాడో మీరే తేల్చుకోండి. అంతవరకూ మీ బిందెలు దించండి. అడిగేది అంతే."

"అయ్యా, వద్దు!" అని కాటయ ముందుకు దూకాడు.

"నాయకా, నీవు ఊరికే ఒక మాట అంటే నమ్మేవాళ్లు నీకున్నారు. నాకు లేరు. నా మాటకు నా ఒళ్లే పూచీ పెట్టుకోవాలి. అడ్డు రాకు."

గంగసాని ముంచి పోసింది. గుండయ తాగాడు. మళ్లీ మళ్లీ తాగాడు. పొద్దు గుంకింది. పొద్దు పొడిచింది. ఆయనకేమీ కాలేదు.

జనంలో గుసగుస లేచింది. "ఏమీ కాలేదుగా! బావి మంచిదే." ఒకడు కడవ ఎత్తి మెట్టు దిగబోయాడు. జీవితంలో మొదటిసారి గుండయ తనకు రోగం రావాలని దేవుడికి మొక్కాడు. రాకపోతే తన చావు బతుకుల మాట అటుంచి, కోటంతా ఈ నీళ్లు తాగి చస్తుంది. తను చివరికి నిజం చెప్పి కూడా జనాన్ని చంపినవాడవుతాడు. మెట్టు దిగుతున్నవాడి కాళ్లు రెండు చేతులా వాటేసుకొని, "ఒక్క పూట ఆగరా నాయనా, ఒక్క పూట" అని ఏడ్చాడు. రాజ్యమేలిన ప్రెగ్గడ! వాడు బిత్తరపోయి ఆగిపోయాడు.

మధ్యాహ్నానికి కడుపు మెలిపెట్టింది. అక్కడే, ఆ మెట్ల మీదే, అందరి ఎదుట ఆయన ఒళ్లు కరగనారంభించింది. కళ్లు లోపలికి పోయాయి, వేళ్లు ముడతలు పడ్డాయి, గొంతు పీలగా మారింది. పనసపండు లేదు. భయం లేదు. మందు కలిపినవాడు లేడు. తమ చేత్తో పోసిన నీళ్లే. జనం చూశారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ముందు గంగసాని తన బిందెను నేల మీద కుమ్మరించింది. తరువాత పోచమ్మ. తరువాత చూస్తుండగా బావి గట్టంతా నీళ్లపాలైంది. సాయంత్రానికి ఊటచెలమ దగ్గర పైకోటా కిందిపేటా ఒకే వరుసలో నిలబడ్డాయి. కాచడానికి చాలినన్ని పాత్రలు లేని కరణాల ఇళ్లకు కుమ్మరి పోచమ్మ తన ఆవంలోని కుండలన్నీ ఊరికే పంచింది.

మంత్రి మంచాన పడ్డాడన్న కబురు గోడ దాటింది. కోట చచ్చిపోతోందనుకొని వెలిచేటి రాజు తెల్లవారేసరికి వెయ్యి నిచ్చెనలు వేయించాడు. కాటయ దగ్గర నిలబడగలిగిన భటులు గుప్పెడు. కాని పిల్లలూ, ఆ ఉదయం నల్లమేడులో పొయ్యి రాజెయ్యని ఇల్లు లేదు! ప్రతి ఇంటా గుండిగల్లో నీళ్లు సలసలా మరుగుతున్నాయి. "అమ్మలారా, తాగే నీళ్లు తరువాత కాచుకోవచ్చు, ఇటు పట్టుకు రండి!" అని కాటయ కేక పెట్టాడు. పైకోట ఆడవాళ్లు, కిందిపేట ఆడవాళ్లు గుండిగలు మోసుకొచ్చి గోడ మీదినుంచి కుమ్మరించారు. నిచ్చెనల మీదివాళ్లు నిచ్చెనలతో సహా రాలిపోయారు. వాకిలి తెరిపించి కాటయ నాయకుడు మిగిలిన భటులతో విరుచుకుపడ్డాడు. పొద్దు నడినెత్తికి రాకముందే వెలిచేటి గుడారాలు నదికి ఆవల ఉన్నాయి.

యుద్ధం దుమ్ము కడుక్కోకుండానే కాటయ ప్రెగ్గడ ఇంటికి వచ్చాడు. బాచాంబ భర్త తలను ఒళ్లో పెట్టుకొని చెంచాతో నీళ్లు పోస్తున్నది. వీధిలో జనం గొంతులు చించుకుంటున్నారు: "కాటయ నాయకుడికీ, జయము! జయము!"

గుండయ పెదవులు కదిలాయి. కాటయ వంగి చెవి ఒగ్గాడు.

"ఇప్పుడూ నీ పేరే అరుస్తున్నారు."

"మీ పేరు కూడా అంటున్నారయ్యా."

"అబద్ధమాడకు. నీకు అలవాటు లేదు, పట్టుబడతావు." ఆయన ముఖంలో నవ్వులాంటిది మెదిలింది. "నాయకా, నాకింకా మండుతూనే ఉంది. నిన్ను చూస్తే మండుతుంది. ఆ మెట్ల మీద కూర్చుంటే ఆరిపోతుందనుకున్నాను. ఆరలేదు."

కాటయ ఆ ముడతలు పడ్డ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "మండనివ్వండి ప్రెగ్గడగారూ. మండుతుండగానే ఈ పని చేశారు. నాకెవరి మీదా కడుపుమంట లేదు, కనుక నేను చేసిన దాంట్లో కష్టమేముంది?"

ఆ మాట గుండయ విన్నాడో లేదో చెప్పలేం. కాటయ చేతిలో ఆ చేయి మాత్రం, వదలకుండా, గట్టిగా పట్టుకునే చల్లబడింది.

అదర్రా కథ. ఏమిటలా చూస్తున్నారు? ఆయన మంచివాడా, చెడ్డవాడా అని నన్నడగకండి. పడుకునేముందు మీలో మీరు తేల్చుకోండి. లేవండిక, చీకటి పడుతోంది, మీ అమ్మలు అన్నం వండి ఎదురుచూస్తుంటారు. చేతులు శుభ్రంగా కడుక్కుని, నీళ్లు చూసి తాగి, కడుపునిండా తినండి. పోండి, పోండి.